తెగాల్సిన దారం

పోయిన నెలలో మా తమ్ముడు జగ్గయ్యపేట నుంచి వచ్చాడు. నాన్న కొట్టు ఉన్న వరసంతా పడగొట్టి అక్కడేదో కాంప్లెక్సు కడుతున్నారట. అటక మీద దొరికిందని ఒక రేకుపెట్టె తెచ్చి నా మంచం మీద పెట్టాడు. మూత తీయగానే మైనం, గుగ్గిలం, ఆముదం కలిసిన వాసన గుప్పున కొట్టింది. ఇన్నేళ్ళు అటక మీద మగ్గినా ఆ వాసన చావలేదు. లోపల నాలుగు దబ్బనాలు, అరచేతికి కట్టుకునే తోలు పట్టీ, ఎండి నల్లబడిన మైనం ముద్ద, అన్నిటికీ అడుగున జానెడు పొడవున్న, కాన్వాసు లాంటి కిత్తాను గుడ్డ పీలిక ఉన్నాయి. పీలిక రెండు అంచులూ కొడవలితో కోసినట్టు వంకరటింకరగా ఉన్నాయి, మధ్యలో నిటారుగా రెండు వరసల కుట్టు ఉంది. తమ్ముడు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఇదేంటక్కా, పారేద్దామా?" అన్నాడు. వాడి తప్పేం లేదు, అప్పటికి వాడు అమ్మ చంకలో పిల్లాడు. నేను మాత్రం ఆ పీలికను వాడి చేతిలోంచి లాక్కున్నాను. కాస్త మొరటుగానే లాక్కున్నట్టున్నాను, వాడు మొహం చిన్నబుచ్చుకుని కాఫీ కూడా సగం తాగి వదిలేశాడు.

నా ఉద్యోగమంతా బొంబాయిలో ఒక విమానాల వర్క్‌షాపులో గడిచింది. ప్రమాదం జరిగినప్పుడు విమానం తలుపులోంచి జనం జారి దిగే స్లైడ్లను పరీక్షించి, మడతపెట్టి, మళ్ళీ సర్దే పని నాది. రిటైరయ్యాక పత్రికలకు చాలా విషయాలు రాశాను. బొంబాయి వానల గురించి రాశాను, మా వర్క్‌షాపు క్యాంటీన్ ఇడ్లీల గురించి కూడా రాశాను. నందిగామ గురించి మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్పేస్తాను, దాచుకుని వేడుక చేసే విషయం కాదు. ఆ పీలిక మీద కుట్టు మా నాన్నది. ఆ కుట్టు వల్ల మా రత్తమ్మ పిన్ని చచ్చిపోయింది. ఆ కుట్టు వెయ్యాల్సిన అవసరం తెచ్చిపెట్టింది నేను. ఈ మూడో మాట ఇంతవరకూ ఒక్క మనిషికే చెప్పాను.

మా సొంతూరు జగ్గయ్యపేటే అయినా, నాకు ఊహ తెలిసేసరికి నందిగామలో ఉన్నాం. అక్కడొక పత్తి మిల్లు ప్రహరీని ఆనుకుని మాకొక గది, గది ముందు తాటాకు పంచ ఉండేవి. ఆ పంచలోనే నాన్న పని. బళ్ళ మీద కప్పే టార్పాలిన్లు, మిరపకాయలు ఆరబోసే పట్టాలు, మిల్లుకు కావలసిన కిత్తాను సామాను అన్నీ కుట్టేవాడు. పొద్దున్నే అమ్మ పొయ్యి మీంచి అన్నం దించగానే ఆ నిప్పులు కుంపట్లోకి ఎత్తి నాన్న ముందు పెట్టేది. నాన్న చిన్న ఇనపగిన్నెలో మైనం, గుగ్గిలం, రెండు చుక్కల ఆముదం వేసి కరిగించేవాడు. జనపనార దారాన్ని నేను తొడ మీద పేని ఇస్తే, దాన్ని ఆ పాకంలోంచి ఒక్క ఊపులో లాగేవాడు. దారం బంగారు రంగుకు తిరిగేది. అమ్మ చేసిన పప్పుచారు వాసనకీ గుగ్గిలం వాసనకీ నాకు తేడా తెలిసేది కాదు, రెండూ కలిసే మా ఇంటి వాసన. నా తొడల మీద ఆ పేనిన గీతలు పెళ్ళీడు వచ్చినా పోలేదు.

నాన్నకు చేతి పని గర్వం ఉండేది. అది కొంచెం ఎక్కువే అనాలి. ఎంత పెద్ద రైతు వచ్చినా ముందు మాట్లాడేవాడు కాదు గాని, కుట్టు సంగతి ఎత్తితే మాత్రం ఆగేవాడు కాదు. రెండు సూదుల కుట్టని ఒకటి వేసేవాడు. ఒకే దారం రెండు కొసలకూ రెండు దబ్బనాలు ఎక్కించి, ఒకే చిల్లులోంచి ఒకటి అటూ ఒకటి ఇటూ దూర్చి బిగిస్తాడు. ఆ కుట్టులో ఒక చోట దారం తెగినా పక్క కుట్టు కదలదు, దేనికది విడిగా బిగిసి ఉంటుంది. కొత్త పట్టా కుట్టినప్పుడల్లా ఇద్దరు బండివాళ్ళను పిలిచి చెరో అంచూ పట్టుకుని లాగమనేవాడు. వాళ్ళు మడమలు నేలకు తన్ని, మొహాలు ఎర్రబడేదాకా లాగేవాళ్ళు. నాన్న చేతులు కట్టుకుని నిలబడి చూసేవాడు. గుడ్డ చిరిగితే చిరగాలి గాని తన కుట్టు ఊడకూడదని ఆయన పంతం. ఆ మాట రోజుకు ఒకసారైనా వినేవాళ్ళం. మంచి పనివాడికి ఆ మాత్రం పొగరు అందమేనని అమ్మ మురిసిపోయేది.

రత్తమ్మ పిన్ని అమ్మకు చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. తిని కూర్చోనని పట్టుబట్టి మిల్లులో పనికి చేరింది. మిల్లు పై అంతస్తులో జిన్ను మిషన్లు వరసగా ఉంటాయి, ఒక్కో మిషను ముందు ఒక ఆడమనిషి కూర్చుని పత్తిని గుప్పెడు గుప్పెడుగా పళ్ళ మధ్యకు అందిస్తూ ఉంటుంది. గింజ కిందికి రాలుతుంది, దూది ముందుకు వస్తుంది. సాయంత్రం పిన్ని ఇంటికొచ్చేసరికి జుట్టు, కనుబొమలు, రెప్పలు అన్నీ తెల్లగా ఉండేవి. "మీ ముసలమ్మొచ్చిందే" అని తనే వేళాకోళం చేసుకునేది. అమ్మ పంచలో నిలబెట్టి కొబ్బరిపీచుతో ఒళ్ళంతా దులిపితే గాని లోపలికి రానిచ్చేది కాదు. రాత్రంతా దగ్గేది, పొద్దున లేచి పండుమిరపకాయ పచ్చడి కలుపుకుని గిన్నెడన్నం తినేది. నాకు జడ వేసింది, ఎక్కాలు చెప్పింది, ఈలవెయ్యడం నేర్పింది పిన్నే. అమ్మ అంటే భయం, పిన్ని అంటే ప్రాణం.

మిల్లు పై అంతస్తుకు మెట్లు ఒక్కటే దారి, అవీ చెక్క మెట్లు. దూది దొంగిలించి బయటికి వెయ్యకుండా కిటికీలకు ఇనప కడ్డీలు బిగించారు. మెట్లకు ఎదురు గోడలో మాత్రం ఒక చదరపు కంత ఉండేది. ఆ కంతకు కిత్తాను గొట్టమొకటి తగిలించి, ఏటవాలుగా కింద ప్రెస్సు షెడ్డులోకి దించారు. పైన తీసిన దూదిని అందులోకి తోస్తే జారి కింద పడుతుంది, అక్కడ బేళ్ళు కడతారు. అందరూ దాన్ని తొండం అనేవాళ్ళు. దాన్ని కుట్టింది నాన్నే. ప్రెస్సు పని లేనప్పుడు కుక్కలు దూరకుండా దాని కింది మూతికి ఒక గుడ్డ మూత వేసి తాడుతో మూసేవాళ్ళు. ఆ తాడు కట్టడంలో నాన్న ఒక ఒడుపు పెట్టాడు. గోనెసంచి మూతి కుట్టు చూశారు కదా, సరైన కొస పట్టుకుని లాగితే మొత్తం సర్రున ఊడి వస్తుంది. అదే తీరున రింగుల్లోంచి తాడును ఉచ్చులో ఉచ్చుగా గొలుసులాగా అల్లి, చివరి కొస బయటికి వేలాడేసేవాడు. ఎంత గాలి వచ్చినా ఊడదు, కొస లాగితే మాత్రం ఒక్క లాగుకే ఊడుతుంది.

మధ్యాహ్నం పిన్నికి అన్నం తీసుకెళ్ళేది నేను. అందరూ తినే వేళ మిషన్లు ఆగేవి. మేస్త్రీ కునుకు తీసేవాడు. అప్పుడు పిన్ని నన్ను తొండంలోంచి జారనిచ్చేది. ముందు తనే ఒకసారి జారి చూపించింది. కూర్చుని దూకాలట, చేతులు రొమ్ము మీద కట్టుకోవాలట, కాలి బొటనవేళ్ళు చూసుకుంటూ ఉండాలట. మోచేతులు బయటికి పెడితే తోలు ఊడుద్దని భయపెట్టింది. ఆ లోపలి చీకటి, కిత్తాను వాసన, వీపు వెచ్చబడటం, దూది గుట్ట మీద ధబ్బున పడటం — నా చిన్నతనంలో నాకు దొరికిన సంతోషమంటే అదే. బొంబాయిలో చేరిన మొదటి వారం విమానం ఎక్కే పనివాళ్ళకు శిక్షణలో ఏం చెబుతారో విన్నాను. కూర్చుని దూకండి, చేతులు కట్టుకోండి, కాలివేళ్ళు చూడండి అన్నారు. ఒక్క మాట తేడా లేదు.

ఆ ఏడు మాఘమాసంలో ప్రెస్సు చెడిపోయింది. మర సామానేదో బెజవాడ పంపారు. పైన పని మాత్రం ఆగలేదు, దూదిని మెట్ల మీదుగా మోసి ఇంకో షెడ్డులో పోస్తున్నారు. తొండం మూతి కట్టేసి ఉంది. నాకు జారక వారమైంది. ఒక మధ్యాహ్నం మేస్త్రీ కునుకు చూసి నేను షెడ్డులోకి వెళ్ళి ఆ తాడు కొస లాగాను. సర్రుమని గొలుసంతా ఊడి నా పాదాల మీద పడింది. గబగబా పైకెళ్ళి జారాను, మళ్ళీ ఎక్కి మళ్ళీ జారాను. మూడోసారి దిగేసరికి మేస్త్రీ దగ్గు వినిపించింది. ఆ కట్టు మళ్ళీ ఎలా అల్లాలో నాకు రాదు. తాడును అక్కడే వదిలేసి ప్రహరీ సందులోంచి ఇంటికి పరిగెత్తాను. పిన్ని పైన అన్నం తింటూ ఉంది, నేను తాడు లాగిన సంగతి ఆవిడకు తెలియదు, మూతి తెరిచే ఉందనుకుంది.

నా పావడాకు అంటుకున్న దూది ఆ సందంతా రాలింది. ఆ సాయంత్రం మిల్లు షావుకారు అది చూశాడు. తొండంలోంచి దూది దొంగిలించి గోడ దాటిస్తున్నారని కేకలేశాడు. మూతి కట్టి ఉందో లేదో చూసుకోవాల్సింది మేస్త్రీ. వాడు తన మీదికి రాకుండా, కట్టు దానంతటదే ఊడిందని, పనితనం వదులుగా ఉందని చెప్పాడు. నాన్నను పిలిపించారు. నేనూ వెనకే వెళ్ళి షెడ్డు తలుపు చాటున నిలబడ్డాను. షావుకారు చెడ్డమాట ఒక్కటీ అనలేదు. నవ్వుతూనే, "ఏంవయ్యా, నీ కట్టు ఊడదని ఊరంతా చెప్పుకుంటావు గదా, ఇదిగో ఊడింది" అన్నాడు. మేస్త్రీ కూడా నవ్వాడు. నాన్న వంగి తాడు తీసుకుని చూశాడు, దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. నేనే లాగానని అప్పుడు ఒక్క మాట అని ఉంటే నాకు రెండు దెబ్బలు పడేవి, పిన్నికి నాలుగు తిట్లు పడేవి, అంతటితో పోయేది. ప్రెస్సు బాగయ్యేదాకా మూతి కుట్టెయ్యమన్నాడు షావుకారు. నాన్న సరేనన్నాడు. ఈసారి ఎవడూ ఊడిందనకుండా కుడతానన్నాడు.

మర్నాడు పొద్దున నాన్న కుంపటి ముందు మామూలు కన్నా ఎక్కువసేపు కూర్చున్నాడు. దారం పేనింది నేనే. మూడు పోగులకు బదులు ఐదు పోగులు పేనమన్నాడు. అది చాలక రెండుసార్లు మైనం పట్టించాడు. మూత గుడ్డను తొండం మూతికి చేర్చి, చుట్టూ రెండు సూదుల కుట్టు వేశాడు. అది కూడా ఒక వరస కాదు, రెండు వరసలు. మేస్త్రీని పిలిచి లాగి చూడమన్నాడు. సాయంత్రం పిన్ని వచ్చి దులిపించుకుంటూ నాన్నను ఆటపట్టించింది. "నాలుగు రోజుల ముచ్చటకి అంత గట్టిగా కుట్టావేంటి బావా? మళ్ళీ విప్పేది నువ్వేగా" అంది. నాన్న చాలా రోజులకు నవ్వాడు. "నేనిక్కడే ఉన్నాగా రత్తమ్మా. ఒక్క కేకెయ్యి, వచ్చి కోసేస్తా" అన్నాడు. ఆ రాత్రి అందరం కలిసి భోంచేశాం. పిన్ని తన కంచంలో వడియం నా కంచంలో వేసింది.

నిప్పు మూడో రోజు మధ్యాహ్నం పుట్టింది. పత్తిలో రాతి ముక్కేదో వచ్చి మిషను పళ్ళకు తగిలి రవ్వ లేచిందన్నారు. దూది అంటుకోవడం మీరు చూసి ఉండరు. మంట మెల్లగా పాకదు, గాలిలో తేలే నూగు మీదుగా ఉరుకుతుంది. అంటుకున్నది మెట్ల పక్క మిషను. అటు కూర్చున్నవాళ్ళు చీర చెంగులు కాలుతున్నా దిగేశారు. ఇవతలి చివర పిన్నీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ మిగిలిపోయారు. వాళ్ళకు కంత తప్ప దారి లేదు. మూతి కుట్టేసి ఉందని మిగతా ఇద్దరికీ తెలుసో తెలియదో గాని పిన్నికి తెలుసు. అయినా ముందు దూకింది ఆవిడే. కేకేస్తే బావ వస్తాడనుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే నాకింకో సంగతి తోస్తుంది, ముందు దూకినవాళ్ళే అడుగున పడతారని కూడా ఆవిడకు తెలిసే ఉంటుంది.

నాన్న పంచలోంచి కత్తి పట్టుకుని పరిగెత్తాడు, వెనక నేను. తొండం కింది భాగం నిండి ఉబ్బి కదులుతోంది. పై కంతలోంచి పొగ దాంట్లోకే దిగుతోంది. లోపల్నించి పిన్ని గొంతు స్పష్టంగా వినిపించింది, భయపడినట్టు కూడా లేదు, పని చెప్పినట్టే చెప్పింది. "బావా, తొందరగా కొయ్యి." నాన్న మోకాళ్ళ మీద కూర్చుని కొయ్యడం మొదలుపెట్టాడు. ఎక్కడ కోశాడో చెప్పాలి. కుట్టు మీద కోశాడు. ఒక కుట్టు, తరవాత ఇంకో కుట్టు, తరవాత ఇంకోటి. ఒకటి తెగితే పక్కది కదలని కుట్టది. పక్కనే బారెడు గుడ్డ ఉంది, కత్తి దిగేస్తే నిలువునా చీలిపోయేది. ఆ ఊహ ఆయనకు రాలేదు. జన్మలో ఎన్నడూ కుట్టడం అయిపోయిన గుడ్డను కోసిన చెయ్యి కాదది. విప్పాలంటే కుట్టు దగ్గరే విప్పాలి, ఆ చేతికి తెలిసింది అంతే. పిన్ని రెండోసారి పిలిచింది. మూడోసారి పిలవలేదు. గడ్డి మోపుతో పోతున్న బండివాడొకడు మోపు పారేసి వచ్చి, నాన్నను పక్కకు నెట్టి, కొడవలితో గుడ్డను పొడుగునా చీల్చాడు. పై ఇద్దరూ బతికారు. పిన్నిని బయటికి తీసి పడుకోబెట్టారు. ఒంటి మీద కాలిన మచ్చ ఒక్కటి లేదు. చేతులు రొమ్ము మీద కట్టుకుని ఉన్నాయి.

పోలీసులొచ్చారు, రాసుకున్నారు, పోయారు. రాతి ముక్క సంగతి రాశారు. కుట్టు సంగతి ఎవరూ అడగలేదు. నాన్నను నువ్వెందుకు కుట్టావని ఒక్కరన్నా నిలదీసి ఉంటే ఆయన కాస్త తేలికపడేవాడేమో. అమ్మ కూడా అడగలేదు. అడగలేదు గాని, ఆ తరవాత నాన్న చేత తన గుడ్డ ఒక్కటి కూడా కుట్టించుకోలేదు. చీర చిరిగితే చిరిగిన చోట ముడేసుకుని కట్టుకునేది. జగ్గయ్యపేట బజారులో నాన్న కొట్టు పెట్టాక, ఊరందరికీ కుట్టిచ్చే మనిషి భార్య ముడుల చీరతో నీళ్ళకు వెళుతుంటే జనం ఏమనుకున్నారో నాకు తెలియదు. నాన్న ఆ కొట్టులో గోనెసంచులు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. టార్పాలిన్ తెచ్చినవాళ్ళను పక్క కొట్టుకు పంపేవాడు. కుంపటి మాత్రం పొద్దున్నే వెలిగేది, మైనం కరిగించే పని లేకపోయినా వెలిగేది. నేను దారం పేనడం మానేశాను. నాన్న అడగనూ లేదు.

పెద్ద పరీక్ష పాసయ్యాక మా మేనమామ నన్ను బొంబాయి తీసుకెళ్ళాడు. ఆయన పరిచయాల మీద విమానాల వర్క్‌షాపు గుడ్డ విభాగంలో పనికి పిలిచారు. ముసలి ఫోర్‌మన్ ఒకాయన నా చేతికి కిత్తాను ముక్క, సూది ఇచ్చి కుట్టమన్నాడు. వద్దనుకున్నా నా చేతులు రెండు సూదుల కుట్టే వేశాయి. ఆయన లాగి చూసి తల ఊపాడు. తరవాత పలచటి దారమొకటి ఇచ్చి, దీంతో రెండే రెండు పోట్లు వెయ్యి, ఇది తెగాలి అన్నాడు. నాకు హిందీ సరిగా రాక తప్పు విన్నాననుకున్నాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పాడు. నేను అక్కడే ఏడ్చేశాను. ఇంటి మీద బెంగనుకుని టీ తెప్పించాడు పాపం.

నేను చేరిన కొత్తలో రెక్కలకు పంకాలు తిరిగే పాత విమానాలకు ఉత్త కిత్తాను పట్టాలే ఉండేవి, ముందు దిగిన మగవాళ్ళు కింద అంచు పట్టుకుంటే మిగతావాళ్ళు దాని మీదుగా జారాలి. జెట్లకు గాలి నిండే స్లైడ్లు వచ్చాయి. రబ్బరు పూసిన నైలాను గుడ్డ అది, తలుపు అడుగున చిన్న మూటలా ఉంటుంది. విమానం బయల్దేరే ముందు దాని కడ్డీని గడపకు తగిలిస్తారు. అప్పుడు తలుపు తీస్తే మూట కింద పడుతుంది, గాలి సీసా తెరుచుకుంటుంది, పది లెక్కపెట్టేలోపు నేలదాకా పట్టెమంచంలా పరుచుకుంటుంది. మూట మూతికి ఉండేది మా నాన్న అల్లిన గొలుసు కట్టే, ఒక్క లాగుకు ఊడాలి. లోపల మడతలను పలచటి దారాలతో పట్టి ఉంచుతాం. గాలి నిండే కొద్దీ అవి వరస తప్పకుండా ఒకటి తరవాత ఒకటి పుటుక్కున తెగాలి. ఒక్కటి తెగకపోయినా స్లైడు మెలిపడి విమానం కడుపు కింద ఇరుక్కుంటుంది. గడువు ప్రకారం ప్రతి స్లైడునూ దించి, గాలి నింపి, గంటల తరబడి అలాగే ఉంచి గాలి తగ్గిందేమో చూస్తాం. అతుకుల వెంట సబ్బునీళ్ళు పూసి బుడగలు వస్తాయేమో వెతుకుతాం. ఆరబెట్టి, పౌడరు చల్లి, గీసిన గీతల మీదే మడతపెట్టి, గాలి సీసాను తూకం వేసి, సంతకం పెడతాం. నేను సర్దినవాటిలో నిజంగా జనం జారినవి ఒకటో రెండో ఉంటాయేమో. మిగతావన్నీ ఒక్కసారి కూడా అక్కరకు రాకుండానే పాతబడి చిరిగిపోయాయి. అలా చిరిగిపోవడమే వాటి భాగ్యం.

ఒకసారి కొత్తగా చేరిన పనివాడొకడు ఆ పలచటి దారాన్ని రెండు పేటలు చేసి కుడుతున్నాడు. ఏంటని అడిగితే గట్టిగా ఉంటుందని కదమ్మా అన్నాడు, మెచ్చుకుంటాననుకున్నాడు. నేను వాడి చెంప పగలగొట్టాను. దాని మీద నాకు మెమో ఇచ్చారు. తీసుకున్నాను. క్షమాపణ మాత్రం చెప్పలేదు, ఈనాటికీ చెప్పను.

ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకు సెలవు మీద జగ్గయ్యపేట వచ్చాను. పొద్దున కొట్టులో నాన్న సంచి మూతి కుడుతున్నాడు, ఎదురుగా నేను పీట మీద కూర్చున్నాను. అక్కడ నువ్వు చేసే పనేంటమ్మాయ్ అని మొదటిసారి అడిగాడు. తువ్వాలు మడిచి చూపిస్తూ అంతా చెప్పాను. తెగాల్సిన దారం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. తెగటానికి కూడా కుడతారా అన్నాడు. కుడతారన్నాను. నన్ను చూడకుండా, దబ్బనం వైపే చూస్తూ మాట్లాడాడు.

"గొలుసు కట్టు దానంతటది ఊడదమ్మాయ్. ఆ తాడు చేతిలోకి తీసుకున్నప్పుడే నాకు తెలిసింది, ఎవరో లాగారని. ఆ మాట షావుకారు మొహాన అని ఇంటికొచ్చేస్తే పోయేది. అనలా. నవ్వారు గదా, వాళ్ళకి నా కుట్టంటే ఏంటో చూపిద్దామనుకున్నా."

"నేనే లాగా నాన్నా" అన్నాను.

బజారులో కావిడివాడు ఎవరినో తప్పుకోమంటున్నాడు. నాన్న దబ్బనాన్ని సంచికి గుచ్చి చేతులు తొడల మీద పెట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"తేలిగ్గా ఊడిందా?" అన్నాడు.

"ఊడింది నాన్నా. ఒక్క లాగుకే."

"ఎక్కడా పట్టుకోలా?"

"లేదు."

"అయితే అది బాగానే కట్టా" అన్నాడు. ఆ మాట అన్నాక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పిన్ని పోయిన నాడు ఆయన ఏడవలేదు, ఆ రోజు ఏడ్చాడు. నేను లేచి కొట్టు తలుపు ఒక రెక్క మూసి, బజారుకు వీపు పెట్టి ఆయనకు అడ్డంగా కూర్చున్నాను. మళ్ళీ ఆ మాట మా మధ్య ఎన్నడూ రాలేదు. అమ్మకు చెప్పలేదు, నాన్న కూడా చెప్పలేదు. అమ్మ ముడుల చీరతోనే పోయింది.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని నన్నెవరైనా అడిగితే చెప్పడం కష్టం. ఒక విమానంలో ఎన్ని తలుపులుంటే అన్నింటికీ స్లైడ్లున్నాయి, వాటిని గడువు తప్పకుండా విప్పి చూసే మనుషులున్నారు, చూశామని పెట్టే సంతకాలున్నాయి. నందిగామ మిల్లుకు అవేవీ లేవు, తొండం ఒక దారి అని కూడా ఎవరూ అనుకోలేదు. దాన్ని దారిగా ఎంచింది పిన్ని ఒక్కతే. పోయిన వారం మా తమ్ముడి కూతురు నన్ను బట్టల దుకాణానికి తీసుకెళ్ళింది. అయిదు అంతస్తులు, దేవతల మేడలా ఉంది. వెనక మెట్ల తలుపుకు గొలుసేసి తాళం వేశారు. ఎందుకని అడిగితే అక్కడ నిలబడిన అబ్బాయి, దొంగతనాలండి, తాళం చెవి కింద మేనేజరు గారి దగ్గరుంటుంది, కేకేస్తే తెస్తారు అన్నాడు. ఆ అయిదంతస్తులూ దిగి మేనేజరు దగ్గర నిలబడి ఆ తాళం తీయించేదాకా నేను కదల్లేదు. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. మేం గేటు దాటగానే మళ్ళీ వేసి ఉంటారు.

తమ్ముడు వెళ్ళిపోయాక ఆ పీలికను దీపం కిందికి తీసుకెళ్ళి చూశాను. బండివాడు గుడ్డను చీల్చాక, నాన్న ఈ ముక్కను ఎప్పుడు కోసి తీసుకున్నాడో, ఇన్నేళ్ళు ఎందుకు దాచుకున్నాడో నాకు తెలియదు. ఒక చివర నాలుగైదు కుట్లు కత్తితో కోసి ఉన్నాయి, ఆ రోజు పిన్ని పిలుస్తుండగా ఆయన కోసింది అంతే. మిగతాదంతా అలాగే ఉంది. ఐదు పోగుల దారం, నేను పేనినదే. చెరో అంచూ చెరో చేత్తో పట్టుకుని, వీపు గోడకు ఆనించి, నా ముసలి బలమంతా పెట్టి లాగాను. గుడ్డ నా చేతుల్లో పొడిపొడిగా చిరిగింది. కుట్టు ఊడలేదు.